మొదటి బండికి ఎంత పవరు చాలు?

పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడొకడు ఆర్టీఓ మైదానంలో వంద సీసీ బండి మీద ఎనిమిది వేసి చూపించి, ‘గేరు ఉన్న మోటార్ సైకిల్’ లైసెన్సు పుచ్చుకున్నాడనుకోండి. ఆ కార్డుతో 5.9 కిలోవాట్ల హీరో స్ప్లెండర్ నడపొచ్చు. మర్నాడు అదే కార్డు జేబులో పెట్టుకుని 140 కిలోవాట్ల సుజుకీ హయబుసా ఎక్కినా తప్పు పట్టే సెక్షన్ లేదు. రెండు ఇంజన్ల పవరు మధ్య తేడా ఇరవై మూడు రెట్లకు పైనే.

అంత పెద్ద బండి కొనేవాళ్లు అరుదే కానీ, చిక్కు మాత్రం ప్రతి ఇంటిదీ. ఖరగ్‌పూర్‌లోని మలంచానే తీసుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊరి నిండా ఉన్నాయి. కాలేజీలో చేరిన పిల్లాడికి బండి కొనాలనగానే ఇంట్లో మూడు పార్టీలు లేస్తాయి. పిల్లాడు యమహా ఆర్15 అంటాడు. “పెట్రోలు పోస్తే వారం రావాల్రా, స్ప్లెండర్ తీసుకో” అంటాడు వర్క్‌షాపులో పనిచేసే తండ్రి. “ఏటి బావా, కుర్రోడికి బుల్లెట్ ఉండాల గానీ” అని మేనమామ ఎగదోస్తాడు. ముగ్గురూ మాట్లాడేది సీసీల్లో, మైలేజీలో, రేటులో. కొత్తగా నేర్చుకునే చేతికి ఎంత పవరు ఇవ్వొచ్చన్న లెక్క ఆ మాటల్లోకి రాదు. చాలా దేశాల్లో ఆ లెక్క చట్టమే వేసి పెట్టింది. మన దగ్గర ఇంట్లోనే వేసుకోవాలి.

మన చట్టం ఎక్కడ ఆగింది

1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్‌లో ఒక గీత ఉంది. రోడ్డు మీద బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ మించని మోటార్ సైకిల్‌కి మాత్రం 16 చాలు. ఆ గీత లూనా, బజాజ్ సన్నీ తిరిగిన కాలానికి సరిపోయింది. ఇప్పుడు షోరూముల్లో 50 సీసీ పెట్రోలు బండి కనిపించదు. చట్టంలో గీత మిగిలింది, దాని కింద నిలబడే బండి పోయింది.

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) మీద నడిపేవాళ్లకు ఇంకొన్ని నిబంధనలున్నాయి. తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ముందూ వెనకా ఉండాలి. నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్లాలి. గేరు లేని స్కూటర్ మీద పరీక్ష ఇచ్చి ఆ తరగతి లైసెన్సే తీసుకుంటే, దానితో గేరు బండి నడపడం కుదరదు. మైనరు చేతికి తాళాలిచ్చిన పెద్దలకు 2019 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

వీటిలో ఎక్కడా కిలోవాట్ల ఊసు లేదు. ఎంత వయసుకు ఎంత బండి అన్న మెట్లు 50 సీసీ దగ్గరే ఆగిపోయాయి.

ఇతర దేశాల మెట్లు

యూరప్‌లో 2013 జనవరి నుంచి మూడు మెట్ల పద్ధతి నడుస్తోంది. మొదటి మెట్టు ఏ1. ఇందులో 125 సీసీ లోపు, 11 కిలోవాట్ల లోపు బండికే అనుమతి. అంతేకాదు, బండి బరువులో కిలోకి 0.1 కిలోవాటు దాటకూడదు. రెండో మెట్టు ఏ2లో 35 కిలోవాట్లు, కిలోకి 0.2 వరకు పోవచ్చు. పెద్ద బండి పవరును తగ్గించి ఈ మెట్టులోకి దించవచ్చు గానీ, దాని అసలు పవరు 70 కిలోవాట్లు దాటి ఉండకూడదు. ఏ2 మీద రెండేళ్లు నడిపితే పైమెట్టు, నేరుగా ఎక్కాలంటే 24 ఏళ్లు రావాలి. సింగపూర్‌ది సీసీల నిచ్చెన. అక్కడ 200 లోపు ఒక తరగతి, 400 లోపు ఇంకొకటి, ఆపైన మూడోది. జపాన్‌లో 50 సీసీ మోపెడ్ లైసెన్సుతో 2025 ఏప్రిల్ నుంచి 125 సీసీ బండి కూడా నడపొచ్చు. షరతు ఒక్కటే, దాని పవరు 4 కిలోవాట్లు మించకూడదు.

ఆస్ట్రేలియా అనుభవం మనకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ఒకప్పుడు కొత్తవాళ్లకు 250 సీసీ పరిమితి ఉండేది. కంపెనీలు ఆ 250 సీసీలోనే రేసు బండ్లను తలపించే టూ స్ట్రోకులు తెచ్చాయి. నెమ్మదిగా, నిలకడగా పోయే పెద్ద ఇంజన్ల మీద నిషేధం, చిరుతల్లాంటి చిన్న ఇంజన్లకు అనుమతి! దాంతో లెక్క మార్చారు. బండి బరువుకు మనిషి, సామగ్రి కింద 90 కిలోలు కలిపి, ఆ మొత్తంతో పవరును భాగిస్తారు. టన్నుకు 150 కిలోవాట్లు మించకూడదు, ఇంజను 660 సీసీ దాటకూడదు. సీసీ అంటే సిలిండరులో చోటు ఎంతో చెప్పే కొలత మాత్రమే. ఆ చోటులోంచి ఇంజను ఎంత పని రాబడుతుందో, ఆ పని ఎంత బరువును తోస్తుందో అది చెప్పదు.

మన బండ్లకు అదే కొలత

ఆస్ట్రేలియా సూత్రాన్ని మన రోడ్ల మీద తిరిగే బండ్లకు పెట్టి చూద్దాం. అంకెలు టన్నుకు కిలోవాట్లు, సుమారుగా.

హీరో స్ప్లెండర్ ప్లస్ (5.9 కిలోవాట్లు, 112 కిలోలు): 29
హోండా షైన్ 125 (7.9 కిలోవాట్లు, 113 కిలోలు): 39
రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 (14.9 కిలోవాట్లు, 195 కిలోలు): 52
యమహా ఆర్15 (13.5 కిలోవాట్లు, 141 కిలోలు): 58
కేటీఎం 390 డ్యూక్ (34 కిలోవాట్లు, 168 కిలోలు): 132
సుజుకీ హయబుసా (140 కిలోవాట్లు, 264 కిలోలు): 395

ముందుగా కంట్లో పడేది మధ్య రెండు వరసలు. 155 సీసీ ఆర్15, తనకు రెట్టింపు సీసీ ఉన్న క్లాసిక్‌ని (వాడుకలో ఇదీ బుల్లెట్టే) దాటింది. మేనమామ అడిగిన ‘పెద్ద బండి’ కంటే పిల్లాడు అడిగిన ‘చిన్న బండి’కే ఉరుకు ఎక్కువ. ఇంకో సంగతి, హయబుసా తప్ప తక్కినవన్నీ ఆస్ట్రేలియా హద్దులోనే ఉన్నాయి. అలాగని 390 డ్యూక్ మలంచా సందులకు తగిన మొదటి బండి అనుకోకండి. ఆ హద్దు విశాలమైన రోడ్లను, క్రమశిక్షణ ఉన్న ట్రాఫిక్‌ను దృష్టిలో పెట్టుకుని గీసింది. యూరప్ తొలిమెట్టు 11 కిలోవాట్లతో పోలిస్తే ఆర్15, క్లాసిక్ రెండూ గీత దాటేశాయి. స్ప్లెండర్, షైన్ లోపలే ఉన్నాయి.

టార్కు అంటే లాగే బలం

మరి బుల్లెట్ ఎక్కినవాళ్లు “అబ్బ, ఏం పవరు” అంటారెందుకు? వాళ్లు చెబుతున్నది పవరు గురించి కాదు, టార్కు గురించి. క్లాసిక్ ఇంజను 4,000 ఆర్‌పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. ఆర్15 ఇచ్చేది 14.2, అదీ 7,500 ఆర్‌పీఎం దగ్గర. టార్కును ఇంజను తిరిగే వేగంతో గుణిస్తే పవరు వస్తుంది. గుణించి చూస్తే క్లాసిక్‌కి 11.3 కిలోవాట్లు, ఆర్15కి 11.2. రెండింటి పనీ దాదాపు సమానమే. ఒకటి నెమ్మదిగా తిరుగుతూ గట్టిగా తోస్తుంది, రెండోది వేగంగా తిరుగుతూ తేలిగ్గా తోస్తుంది.

రైల్వే ఊళ్లో ఈ సంగతి చెప్పడం సులువు. ఖరగ్‌పూర్ మీదుగా ఎక్స్‌ప్రెస్‌లు లాగే డబ్ల్యూఏపీ-7, గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 ఒకే కుటుంబంలోని ఇంజన్లు. ముఖ్యమైన తేడా గేరు నిష్పత్తిలో. గూడ్సు ఇంజను కదిలేటప్పుడు 460 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది కానీ వంద కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోతుంది. ఎక్స్‌ప్రెస్ ఇంజను మొదటి లాగుడు దాదాపు 323 కిలోన్యూటన్లే, వేగం మాత్రం 140 దాకా పోతుంది.

నేర్చుకునేవాడికి దీనివల్ల ఒరిగేది ఏమిటి? తక్కువ ఆర్‌పీఎంలోనే టార్కు ఇచ్చే ఇంజను ఖరగ్‌పూర్ గోల్ బజారు రద్దీలో మాటిమాటికీ గేరు మార్చమనదు. క్లచ్ వదలడం కాస్త అటూఇటూ అయినా చప్పున ఆగిపోదు. స్ప్లెండర్‌లో కూడా ఈ గుణం ఉంది, దాని గరిష్ఠ టార్కు 6,000 దగ్గరే వచ్చేస్తుంది. పైన ఎక్కడో పవరు దాచుకున్న ఇంజను మాత్రం మొదట మెత్తగా కనిపించి, ఎక్సలేటరు ఇంకాస్త తిప్పగానే ఒక్కసారిగా దూకుతుంది. కొత్త చేతులు ఎదురుచూడనిది ఆ దూకుడే.

ఎలక్ట్రిక్ స్కూటర్లలో వ్యవహారం తిరగబడుతుంది. మోటారు బలమంతా సున్నా వేగం నుంచే అందుతుంది. ఏథర్ 450ఎక్స్ మోటారు గరిష్ఠంగా 6.4 కిలోవాట్లు ఇస్తుంది, అంటే స్ప్లెండర్ కంటే ఎక్కువ. గేరు లేదు, చప్పుడు లేదు కాబట్టి పిల్లల బండి అనుకోవడం పొరపాటు. 0.25 కిలోవాటు, గంటకు 25 కిలోమీటర్లు మించని రకానికి మాత్రమే లైసెన్సు అక్కర్లేదు.

ఒక్క సెకనులో ఏమవుతుంది

కొత్తగా నడిపేవాళ్లకు తరచూ జరిగేది ఒకటుంది. గుంటలో చక్రం పడగానే ఒళ్లు వెనక్కి ఊగుతుంది. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్న కుడి మణికట్టు దానితో పాటే తిరుగుతుంది. అడక్కుండానే ఎక్సలేటరు పెరుగుతుంది. భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటే ఇంకా తిరుగుతుంది.

బండి 20 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఇది జరిగిందని, గరిష్ఠ పవరు ఒక్క సెకను పాటు చక్రానికి అందిందని అనుకుందాం. నష్టాలన్నీ పక్కన పెట్టి, మనిషి బరువు 70 కిలోలుగా లెక్కేస్తే స్ప్లెండర్ వేగం 35 దాకా పెరుగుతుంది. ఆర్15 అయితే 45. 390 డ్యూక్‌కి ఈ లెక్కే పనిచెయ్యదు, ఎందుకంటే ఆ పవరంతా నేలకు చేరేలోపే ముందు చక్రం లేస్తుంది. చేతి పొరపాటు ఒకటే, దానికి బండి వేసే శిక్షలోనే తేడా.

వేగం పెరిగాక ఆపడం ఇంకో లెక్క. కదిలే బండిలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వేగం పెరిగింది మూడో వంతే, బ్రేకులు మింగాల్సిన శక్తి పెరిగింది దాదాపు ఎనభై శాతం. ప్రమాదం కనిపించి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను, ఆపైన పొడి రోడ్డు మీద మామూలు గట్టి బ్రేకు అనుకుంటే, 40 వేగంలో బండి ఆగడానికి సుమారు 23 మీటర్లు పడుతుంది. 60లో 44 మీటర్లు, 80లో 72. కాలబైశాఖి అనే వేసవి గాలివానకు తడిసిన రోడ్డయితే ఇంకా పెరుగుతుంది.

అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటుకే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. అందులో మూడు సంగతులు ఈనాటికీ గుర్తుంచుకోదగ్గవి. ప్రమాదానికి ముందు బండ్ల మధ్యస్థ వేగం గంటకు 48 కిలోమీటర్లే. తప్పించుకోవడానికి దొరికిన సమయం రెండు సెకన్ల లోపే. ప్రమాదంలో పడ్డవాళ్లలో సగం మందికి పైగా ఆ బండి మీద అయిదు నెలల అనుభవం కూడా లేదు, రోడ్డు మీద మాత్రం సగటున మూడేళ్లుగా తిరుగుతున్నారు. అంటే నడపడం వచ్చినవాడికి కూడా కొత్త బండి కొత్తదే. ఇక నడపడమూ కొత్త, బండీ కొత్త అయినవాడికి భారీ పవరు మూడో కొత్త అవుతుంది.

పవరుకు తగ్గ బ్రేకు

ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో యమహా ఆర్‌డీ 350ని రాజ్‌దూత్ పేరుతో మన దేశంలో తయారు చేసింది. 347 సీసీ టూ స్ట్రోకు. జపాన్‌లో 39 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజనును ఇక్కడ 30.5కి తగ్గించారు, తర్వాత మైలేజీ కోసం 27కి దించిన రకమూ వచ్చింది. పవరు తగ్గింది కాబట్టి భద్రత పెరిగిందా? పెరగలేదు, ఎందుకంటే జపాన్ బండికి ముందున్న డిస్క్ బ్రేకు స్థానంలో ఇక్కడ డ్రమ్ము పెట్టారు. నాటి రోడ్ల మీద అంత ఉరుకు ఉన్న బండి ఇంకొకటి లేదు, ఆపే బలం మాత్రం మామూలు బండిదే. 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టికెట్ కలెక్టరుగా పనిచేసిన మహేంద్రసింగ్ ధోనీ గ్యారేజీలో ఇప్పుడు ఆ బండికి గౌరవ స్థానం ఉంది. మోజుతో దాచుకునే బండి వేరు, నేర్చుకునే బండి వేరు.

బ్రేకు పట్టినప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. బరువు ముందుకు తూలుతుంది, ముందు షాకులు కుంగుతాయి. బ్రేకు పట్టకముందు రెండు చక్రాల మీద చెరిసగం ఉన్న బరువు, మామూలు గట్టి బ్రేకులోనే ముందు చక్రం మీద ముప్పాతికకు చేరుతుంది. వెనక చక్రం మీద పాతికే మిగులుతుంది. బరువు లేని చక్రానికి పట్టు ఉండదు. అందుకే వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకు జారుతుంది. మనవాళ్లలో ఎంతోమంది “ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు” అనే నేర్పుతారు. హర్ట్ నివేదికలోనూ ఇదే బయటపడింది. ప్రమాదంలో పడ్డవాళ్లు వెనక బ్రేకు అతిగా తొక్కారు, ముందుది చాలినంత పట్టలేదు. ముందు బ్రేకును గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకు తక్కువ వాటికి కనీసం సీబీఎస్ ఉండాలి. సీబీఎస్‌లో ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ కొంత కొంత అందుతుంది. ఏబీఎస్ అయితే చక్రం బిగుసుకోబోయే క్షణాన్ని కనిపెట్టి బ్రేకును వదిలి మళ్లీ పడుతుంది. 125 సీసీ బండికి ముందు డిస్క్ ఉన్న రకం కాస్త ఖరీదు ఎక్కువే. సీటు రంగుకో స్టిక్కర్లకో పెట్టే డబ్బు దాని మీద పెట్టడం మేలు.

బరువు, ఎత్తు, రోడ్డు

షోరూములో బండి ఎక్కి కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆన్చి చూడాలి. మునివేళ్లే తగిలితే ఆ బండి మీకు ఎత్తు ఎక్కువ. స్టాండు తీసి, ఇంజను ఆపి, బండిని నాలుగడుగులు వెనక్కి తోయండి. ఇక్కడ క్లాసిక్ 195 కిలోలు తన సంగతి చెబుతుంది. కదిలే బండిలో తెలియని బరువు ఇరుకు సందులో మలుపు తిప్పేటప్పుడు, ట్రాఫిక్‌లో కాలు ఆన్చినప్పుడు తెలుస్తుంది. కొత్తవాళ్లు బండి పడేసుకునేది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో పట్టాలు దాటడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. తడి ఉక్కు మీద టైరుకు పట్టు దాదాపు ఉండదు. పట్టాలకు వీలైనంత అడ్డంగా, నిటారుగా దాటాలి. పట్టా మీద ఉన్నప్పుడు బ్రేకు వెయ్యకూడదు, ఎక్సలేటరు పెంచకూడదు. వాలుగా దాటితే పట్టా పక్కనున్న సందు చక్రాన్ని తన దారిన లాక్కుపోతుంది.

ఊరి చివర చౌరంగీ దాటితే జాతీయ రహదారి 16. బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖ, చెన్నై దాకా పోయే దారి అదే. సొంతూరికి బండి మీద పోవాలన్న కోరిక మలంచా కుర్రాళ్లలో పుట్టడం సహజం. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే ఆ గాలికి 112 కిలోల బండి ఊగుతుంది, చిన్న ఇంజనుకు ఓవర్‌టేక్ చేసే ఊపు చాలదు. పవరు ఎక్కువ కావాలన్న వాదనలో బలం ఉన్నది ఇక్కడొక్కచోటే. అయితే హైవే ఎక్కడం మొదటి ఏడాది పని కాదు.

ఇంటి చట్టం

పైన చూసిన లెక్కలన్నీ కలిపితే నా సలహా ఇది. మొదటి ఏడాదికి 11 కిలోవాట్ల లోపు, 130 కిలోల లోపు, ముందు డిస్క్ ఉన్న బండి. అంటే 125 సీసీ తరగతి. ఖర్చు చూసుకునే ఇంట్లో స్ప్లెండర్ లాంటి వంద సీసీ కూడా నిక్షేపంగా పనికొస్తుంది. ఆర్15, క్లాసిక్ రెండూ రెండో మెట్టు బండ్లు. వాటిని వద్దనడం లేదు, ఏడాది వాయిదా వెయ్యమంటున్నాను. మూడేళ్లు తిరిగిన 125 సీసీ సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఇంకా మంచిది. కింద పడేసినా మనసు పెద్దగా నొచ్చుకోదు, ఏడాది తర్వాత అమ్మినా డబ్బు పెద్దగా పోదు.

మిగిలిన డబ్బులో మొదటి వాటా ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్‌ది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. పశ్చిమ బెంగాల్‌లో 2016 నుంచి ‘సేఫ్ డ్రైవ్, సేవ్ లైఫ్’ ప్రచారం నడుస్తున్నా, పెట్రోలు బంకు దాటగానే హెల్మెట్ మోచేతికి చేరే దృశ్యం కొత్తదేం కాదు.

ఇక ఏడాది తర్వాత పెద్ద బండి ఎప్పుడు? పుట్టినరోజుకో, పరీక్ష పాసైనందుకో కాదు. ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో ఒక గీత గీయండి. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టి, చక్రం జారకుండా, బండి వంకర పోకుండా 12 మీటర్లలో ఆపాలి. ఒకసారి కాదు, వరసగా పదిసార్లు. తడి నేల మీద దూరం ఎంత పెరిగిందో కూడా కొలిచి చూడాలి. పిల్లాడు ఇది చేసి చూపించిన రోజున ఆర్15 గురించి తండ్రీ కొడుకులు కూర్చుని మాట్లాడుకోవచ్చు. మేనమామ కూడా పాత బుల్లెట్ మీద అదే పరీక్ష ఇచ్చాకే సలహా చెప్పాలని షరతు పెడితే మరీ మంచిది.